పట్టీ కింద తీగ

“కాళ్లు పట్టుకొని లాగొద్దు! వదలండప్పా! అది మనిషి కాలు, బండి నొగ కాదు!”

నేత్రావతి అరుపుకి గుమ్మం బయటున్న ఇద్దరు మనుషులు గోపాలప్ప కాళ్లు వదిలేశారు. వాళ్ల వెనకున్న జనం మాత్రం దేన్నీ వదల్లేదు. ఎందుకంటే జనం పట్టుకున్నది కాళ్లను కాదు, ఫోన్లను.

గోపాలప్ప గుమ్మంలో ఇరుక్కుపోయాడు. మోకాళ్లు బయట మెట్టు మీద, నడుము సరిగ్గా గడప మీద, వీపూ తలా ఇంటి లోపలి నేల మీద. రెండు వందల కిలోలకు తక్కువ లేని శరీరం. కోలారు బంగారు గనుల చాంపియన్ రీఫ్స్‌లో ఆ లైను ఇళ్లు కట్టించిన దొరలు గని కూలీ అంటే ఎముకల గూడని లెక్క వేసుకుని గుమ్మాలు పెట్టించారు. ఆ లెక్కలో గోపాలప్పకి చోటు లేదు.

కాసేపటి ముందు వరకు పని సవ్యంగానే నడిచింది. అంబులెన్సులో వచ్చిన నర్సు నేత్రావతి, డ్రైవరు హేమంత్ కలిసి గోపాలప్ప కింద పెద్ద కాన్వాసు గుడ్డ పరిచారు. భారీ మనుషులను మోయడానికే ప్రత్యేకంగా కుట్టిన గుడ్డ అది. చుట్టూ పన్నెండు పట్టీలు. లైనులో కుర్రాళ్లను పిలిచి పట్టీకొకరిని నిలబెట్టి, తల ఎత్తుగా ఉంచి, కాళ్లు ముందుగా గుమ్మం దాకా తెచ్చారు. గడప దాటిస్తుండగా ఎడమ భుజం దగ్గర పట్టీ ఫట్‌మని ఊడింది. ఆ పక్క గుడ్డ జారింది. గోపాలప్ప వీపు నేలను తాకిన చప్పుడుకి గూట్లో గిన్నెలు కదిలాయి.

ఇప్పుడు ఆయన వెల్లకిలా పడి ఉన్నాడు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషి, పైగా ఆ ఒళ్లు. కూర్చుంటే బతుకుతాడు. వెల్లకిలా పడుకోబెడితే పొట్ట పైకెక్కి ఛాతీ మీద కూర్చుంటుంది, ఆయన బరువే ఆయన్ని చంపుతుంది. చంపడం అప్పుడే మొదలుపెట్టింది కూడా. పెదవులు నేరేడు పండు రంగుకి తిరుగుతున్నాయి.

నేత్రావతి ఆయన తల వెనక నేల మీద కూలబడింది. తన వీపును ఆయన వీపుకి ఆనించి, కాళ్లను గోడకి తన్నిపెట్టి, ఒళ్లంతా బిగించి వెనక్కి నెట్టింది.

“హేమంతూ, భుజాల కింద చెయ్యి వెయ్! చంకలో కాదు, భుజం ఎముక కింద! మారమ్మా, ఆ పరుపు మడిచి నా నడుముకాడ దూర్చు!”

హేమంత్ వంగి ఎత్తాడు. గోపాలప్ప భార్య మారమ్మ ఏడుస్తూనే పరుపు దూర్చింది. గోపాలప్ప సగం లేచి కూర్చున్నాడు. గాలి ఈలలా లోపలికి పోయింది. హేమంత్ ఆక్సిజన్ మాస్కు బిగించాడు.

ఆ క్షణంలో నేత్రావతికి ఆ లైను మొత్తంలో మనిషిగా కనిపించింది హేమంత్ ఒక్కడే. అతనిది పక్క లైను. మారమ్మను అత్తా అని, గోపాలప్పను మామా అని పిలుస్తాడు. రెండేళ్లుగా నేత్రావతితో అదే బండి మీద పనిచేస్తున్నాడు. తాగడు, వాగడు, బండిని బిడ్డలా చూసుకుంటాడు. మిగతా జనమంతా చోద్యం చూడటానికి పుట్టిన పుట్టుకలే.

“ఏం సిస్టరమ్మా, పట్టీ తెంచేస్తిరే!”

బయటినుంచి ఆ గొంతు వినబడగానే నేత్రావతి పళ్లు కొరికింది. సునీల్‌కుమార్. వార్డు ఎన్నికల్లో రెండుసార్లు ఓడిపోయి, జనం తనని గుర్తించలేదనే కోపంతో జనసేవ చేస్తున్న నాయకుడు. తెల్లచొక్కా, చేతికి కడియం, వెనక ఫోను పట్టుకుని తిరిగే శిష్యుడు. ఎవరింట్లో చావొచ్చినా శవం కన్నా ముందే సిద్ధమయ్యే రకం.

“చూడండి మిత్రులారా,” అంటున్నాడు ఫోనుకేసి, “మన గోపాలప్పన్న పరిస్థితి చూడండి. కోలారునుంచి పంపిన గుడ్డ ఇదీ! ఈ సిస్టరు నిర్లక్ష్యం చూడండి! మన కేజీఎఫ్ బిడ్డ ప్రాణానికి విలువ లేదా?”

“సునీల్‌కుమారన్నా,” అంది నేత్రావతి, గోపాలప్ప బరువు వీపు మీద మోస్తూనే, “నీకు రెండు చేతులుండాయి గదా? ఒకటి ఈడ పెట్టు, ఇంకొకటి నీ నోటికి పెట్టు.”

ఎవరో కిసుక్కుమన్నారు. సునీల్‌కుమార్ మొహం మాడింది. చెయ్యి మాత్రం పెట్టలేదు. ఇస్త్రీ చొక్కా నలుగుతుంది మరి.

ఊడిన పట్టీ నేత్రావతి మోకాలి దగ్గరే పడి ఉంది. చూసింది. దారం తెగి ఉంటుందనుకుంది. అసలు దారమే లేదు. పట్టీ చివర్న ఎరుపూ పసుపూ రంగుల్లో సన్నటి తీగలు పెనవేసుకుని వేలాడుతున్నాయి. ఆ తీగ కాన్వాసును కత్తిలా కోసుకుంటూ పోయింది.

“ఇదేందిది?”

కిటికీ ఊచల్లోంచి తొంగి చూస్తున్న పక్కింటి బచ్చప్ప జవాబు చెప్పాడు. “బ్లాస్టింగ్ వైరు గదమ్మా. మైన్లో రాయికి మందు పెట్టి పేల్చేదానికి వాడేది. ఎత్తుకొచ్చి మంచాలు అల్లినాము, బుట్టలు అల్లినాము, కుర్చీలు కట్టినాము. మైను మూసి ఇన్నేండ్లయినా ఈ తీగ లేని ఇల్లు యాడుంది మా ఊర్లో? ఇంగ తెగదది.”

“తీగ తెగలేదు తాతా. గుడ్డను కోసేసింది.”

నేత్రావతికి ఒళ్లు మండింది. గనులు లేని వేమగల్‌లో పుట్టిన తనకి ఆ తీగ తెలియదు. కాని జరిగింది మాత్రం తెలిసిపోయింది. గుడ్డను ఎవడో దొంగచాటుగా వాడాడు. మనిషి కన్నా ఎన్నో రెట్లు బరువున్నదాన్ని ఎత్తి పట్టీ చింపాడు. ఇంటికి తీసుకుపోయి, మంచం నులక బిగించినట్టు తీగతో కుట్టి, ఏమీ ఎరగనట్టు తెచ్చి బండిలో పెట్టేశాడు. కాన్వాసుకి మెత్తటి మందపాటి దారం కావాలని ఆ మహానుభావుడికి తోచలేదు. కేజీఎఫ్‌లో పుట్టినవాడికి ప్రపంచంలో విరిగిన ప్రతిదానికీ ఆ తీగే మందు.

ఎవడు? పోయిన నెల సునీల్‌కుమార్ సంఘంవాళ్లు రక్తదాన శిబిరమని పెట్టి, అంబులెన్సును పొద్దంతా పందిరి దగ్గర నిలబెట్టించారు. తను రక్తం తీసే బల్లల దగ్గర ఉంటే బండి తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. నేత్రావతి గుమ్మంలోంచి ఆ తెల్లచొక్కాకేసి చూసింది. వాడే అయ్యుండాలి. వాడే కావాలని ఆమె ముక్కోటి దేవుళ్లకూ మొక్కింది.

కాని ఇప్పుడు దొంగను పట్టే తీరిక లేదు. గోపాలప్ప వీపు తన వీపు మీద వేగంగా ఎగిరెగిరి పడుతోంది. తన నడుము ఎంతసేపు ఆగుతుందో తెలియదు. తను జారితే ఆయన పోతాడు.

“బచ్చప్ప తాతా, గడ్డపార ఉండాదా?”

“ఉండాది.”

“ఈ గుమ్మం చట్టం పీకెయ్. రెండు పక్కలా.”

జనంలో కలకలం రేగింది. ఇంతసేపూ మనిషి పోతున్నా పట్టనివాళ్లకి గుమ్మం పోతుందనగానే బాధ్యత గుర్తొచ్చింది. “క్వార్టర్సు గదా, రేపు ఆఫీసోళ్లు అడిగితే?” అన్నాడొకడు. “శుక్రవారం పూట గడప పగలగొట్టకూడదమ్మా,” అంది ఒకావిడ. “ఆయప్ప తిండి తగ్గించుకొని ఉంటే గడపతో పనేముంది!” అని మూడోవాడు చమత్కరించాడు. నలుగురు నవ్వారు.

మాస్కు కింద గోపాలప్ప నవ్వు కూడా వినబడింది. గరగరమనే చిన్న నవ్వు. “నవ్వుకోనీలే సిస్టరమ్మా,” అన్నాడు, మాటకో ఊపిరి తీసుకుంటూ. “పనిలేనోళ్లు. నేను చచ్చేదాక... వాళ్లకీ పొద్దుపోవాల గదా.”

“నువ్వు సుమ్నే ఉండు మామా. మాట్లాడొద్దు,” అన్నాడు హేమంత్.

మారమ్మ లేచి నిలబడింది. ముక్కు చీది, కొంగు దోపుకుని, కిటికీలోంచే గర్జించింది. “బచ్చప్పన్నా, గడపా లేదు గిడపా లేదు. పీకెయ్! నా మొగుడు పోయినాక గడపకు పసుపు పూసుకొని ఏం చేసుకొనేది?”

గడ్డపార పడింది. ముసలి టేకు చట్టం మొదటి దెబ్బకి మూలిగింది, రెండో దెబ్బకి సున్నం రాల్చింది. బచ్చప్ప మైన్లో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టిన మనిషి. ఎక్కడ పొడిస్తే ఏది కదులుతుందో చేతికి తెలుసు. చట్టం ఊడొచ్చాక గోపాలప్ప నడుము రెండు పక్కలా జానెడు జానెడు చోటు దొరికింది.

ఇక ఎత్తే ప్రసక్తి లేదు. నమ్మలేని గుడ్డతో ఆ మనిషిని గాల్లోకి లేపడమంటే హత్య చేయడమే. నేల మీదే జార్చాలి. ఇంట్లో నున్నటి ఎర్ర సిమెంటు నేల, ఇబ్బంది లేదు. బయట మాత్రం గరుకు రాయి మెట్టు, ఆ తర్వాత కంకర. కాన్వాసు ఆ రాయి మీద రాసుకుంటే వీపు చర్మం లేచిపోతుంది.

నేత్రావతి కళ్లు వీధిలోకి పోయాయి. రెండు కరెంటు స్తంభాల మధ్య నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద నిలువెత్తు సునీల్‌కుమార్ చేతులు జోడించి నవ్వుతున్నాడు. జనహృదయ నేతకి జన్మదిన శుభాకాంక్షలు. కింద, జనం కోసం ప్రాణమైనా ఇస్తా.

“ఆ ఫ్లెక్సీ కోసి తేండి!”

“ఏయ్! ఏయ్!” సునీల్‌కుమార్ మొదటిసారి నిజంగా కంగారుపడ్డాడు. “అది నాది!”

“తెలుస్తా ఉండాదిలే అన్నా, ఫోటో ఉంది గదా. జనం కోసం ప్రాణమిస్తానని రాసినావు. ప్రాణమొద్దు, ఫ్లెక్సీ ఇయ్యి చాలు.”

ఈసారి జనం ఆయన్ని చూసి నవ్వింది. జనం నవ్వుకి నీతి ఉండదు, ఎటు వాలితే అటే. ఇద్దరు కుర్రాళ్లు స్తంభాలెక్కి తాళ్లు కోసేశారు. ఫ్లెక్సీని బొమ్మ పైకి వచ్చేలా మెట్టు మీదినుంచి అంబులెన్సు దాకా పరిచారు. మెట్టుకీ నేలకీ మధ్య దాని కింద ఒక చెక్క పలక ఏటవాలుగా వేశారు. మారమ్మ బట్టలుతికే సబ్బునీళ్లు బక్కెట్టుతో తెచ్చి సునీల్‌కుమార్ నవ్వు మీద గుమ్మరించింది.

“వినండి,” అంది నేత్రావతి. “ఎత్తేది లేదు, జారుస్తాము. నేను ఒకటి రెండు మూడు అంటాను, మూడుకి అందరూ ఒకేతూరి జరపాల. నా గొంతు ఒక్కటే వినండి. మధ్యలో ఇంకెవడైనా ఐలసా అనో జై అనో అరిస్తే వాని పళ్లు రాలగొడతాను. ఫ్లెక్సీ మీద కాలు పెట్టొద్దు, జారి ఆయప్ప మీద పడతారు. పట్టీలు పట్టుకోండి.”

కుర్రాళ్లు గుమ్మం బయటినుంచీ, చట్టం పోయిన సందులోంచీ చేతులు చాచారు. ఎడమ పక్క పట్టీలు పైకి తేలి ఉన్నాయి. కుడి పక్కవి గోపాలప్ప శరీరం కింద నలిగిపోయి, కొసలు మాత్రం బయటికి కనబడుతున్నాయి.

“కుడి పక్క తొడకాడ పట్టీ వద్దు,” అన్నాడు హేమంత్ గబగబా. అతను ఎడమ పక్కన మోకరించి గోపాలప్ప భుజం పట్టుకుని ఉన్నాడు. “మోకాలికాడ ఉండేది కూడా వద్దు. ఆ రెండూ ముట్టొద్దు. మిగతావి గట్టిగా ఉండాయి, పట్టుకోండి.”

“ఆయన చెప్పినట్టు చెయ్యండి,” అంది నేత్రావతి. ఆలోచించే వేళ కాదది. “ఒకటి... రెండు... మూడు!”

గోపాలప్ప కదిలాడు.

మొదటి జరుపుకి నడుము గడప దాటింది. నేత్రావతి ఆయన వీపుకి తన వీపు ఆనించి, కూర్చున్న చోటే మడమలు నేలకి తన్నుకుంటూ వెనక్కి జరిగింది. హేమంత్ ఆయన మెడ పట్టుకుని వచ్చాడు. రెండో జరుపుకి మెట్టు. మూడో జరుపుకి సబ్బునీళ్ల మీద ఆ భారీ శరీరం పడవలా సాగింది. సునీల్‌కుమార్ నుదుటి బొట్టు మీదుగా, మీసం మీదుగా, జోడించిన చేతుల మీదుగా. ఆ నాయకుడు జీవితంలో మొదటిసారి ఒక ఓటరుకి పనికొచ్చాడు.

అంబులెన్సులోని చక్రాల స్ట్రెచరు ఆ బరువు మొయ్యదు. దాన్ని తీసి పక్కన పడేయించింది. బండి నేల మీద పరుపులు పరిపించింది. రెండు పలకలు కలిపి వాలుగా ఆనించి, పైనుంచి నలుగురు లాగుతుంటే కిందినుంచి ఆరుగురు నెట్టారు. పలక కిర్రుమంది. ఒక కుర్రాడి చెయ్యి జారింది. గోపాలప్ప వెనక్కి వాలబోయాడు. హేమంత్ ఒక్క దూకుతో కింద చేరి, భుజం అడ్డుపెట్టి నిలబెట్టాడు. అతని మెడ నరాలు తాళ్లలా లేచాయి.

“మూడు!” అని అరిచింది నేత్రావతి. ఆయన లోపల పడ్డాడు. పడుకోలేదు, పరుపుల మోపుకి ఆని కూర్చున్నాడు. పెదవుల మీద నేరేడు రంగు ఇంకా అలాగే ఉంది. కాని మరింత ముదరలేదు.

సైరను మోగింది. బంగారం తీశాక గని పారబోసిన సైనైడు మట్టి దిబ్బల పక్కగా రోడ్డు గుంతలతో నిండి ఉంది. హేమంత్ ఒక్క గుంతలో కూడా బండిని పడనివ్వలేదు. వెనక నేల మీద నేత్రావతి గోపాలప్ప నాడి పట్టుకుని కూర్చుంది. మారమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది.

“సిస్టరమ్మా,” అన్నాడు గోపాలప్ప మాస్కు పక్కకి లాగి. “మైన్లో ఇనుప బోనులో కిక్కిరిసి దిగేవాళ్లము. కింద చీకటి, పైన తాడు ఒక్కటి. ఒక్కదినం కూడా తెగలేదు.”

“మాస్కు పెట్టుకోప్పా.”

“ఆ తాడును దినామూ చూసేటోడు ఒకడుండేవాడు. చేత్తో తడిమి చూసేవాడు. ఆయప్ప చూసినాక గానీ మమ్మల్ని దింపేవాళ్లు కాదు. ఈ గుడ్డను... ఎవురు చూస్తారు?”

నేత్రావతి మాస్కు లాగి ముక్కు మీద పెట్టింది. గుడ్డ ఎప్పుడూ సంచిలో మడిచే ఉంటుంది. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి గాని పని పడదు. సామాను సరిచూసే ప్రతి పొద్దుటా “అది నేను చూసినానక్కా” అంటాడు హేమంత్. తను సరే అంటుంది.

పెద్దాసుపత్రిలో మనుషులు సిద్ధంగా ఉన్నారు. నేత్రావతి దారిలోనే ఫోన్ చేసి, రెండు మంచాలు కలిపి కట్టి ఉంచమని చెప్పింది. మళ్లీ ఒకటి రెండు మూడు. డాక్టరు స్టెతస్కోపు పెట్టాడు, సూది గుచ్చారు, నీరు తీసే మందు ఎక్కించారు. కాసేపటికి డాక్టరు మారమ్మకేసి తల ఊపాడు. “ఇప్పటికి గండం గడిచింది. ఇంకాస్త ఆలస్యమయ్యుంటే కష్టం.”

గోపాలప్పను పక్కకి తిప్పి కింది గుడ్డను లాగేశారు. ఆయా దాన్ని తెచ్చి వరండాలో నేత్రావతి ముందు పడేసింది. అది బోర్లా పడింది.

ఆ గుడ్డ అడుగుభాగాన్ని నేత్రావతి ఈ పూట చూడటం ఇదే మొదటిసారి. నల్లటి పాత గ్రీజు మరకలు, ఇనుప తుప్పు. పన్నెండు పట్టీల్లో ఒకటి ఊడింది. తొమ్మిదింటికి తెల్లటి మందపాటి దారం కుట్టు. మిగిలిన రెంటికి, కుడి తొడ దగ్గర ఒకటి, కుడి మోకాలి దగ్గర ఒకటి, మడతకి లోపలి వైపున ఎరుపూ పసుపూ తీగ.

పైనుంచి చూస్తే ఏ తేడా తెలియదు. తెలియాలంటే గుడ్డను తిరగేయాలి. ఈ పొద్దు ఆ గుడ్డను ఎవరూ తిరగేయలేదు. దాని మీద రెండు వందల కిలోల మనిషి ఉన్నాడు. ఎడమ పక్కన మోకరించిన మనిషి కుడి పక్క మడతల కింద ఏముందో చూడనే లేడు.

చూడనక్కర్లేదు. కుట్టినవాడికి చూసే పనేముంది?

నేత్రావతి గుడ్డను భుజాన వేసుకుని బయటికి నడిచింది. చెట్టు నీడలో హేమంత్ బండి లోపల కడుగుతున్నాడు. ఆమె భుజం మీదున్నది చూసి చేతిలోని గుడ్డపీలిక వదిలేశాడు.

“ఏం ఎత్తినావు దీంతో?”

అతను బక్కెట్టు పక్కకి జరిపాడు. “పాత మైను షాఫ్టుకాడ పంపు ఉండాదక్కా. తుప్పు పట్టి ఊరికే పడుండేది. పాత ఇనుము కొనేవాడు అడిగినాడు. నలుగురం దీంతో ఎత్తి...”

“మన బండిలో వేసినావు.”

“అంబులెన్సును ఎవుడు ఆపుతాడక్కా? సైరను వేస్తే పోలీసోడే దారి ఇస్తాడు.”

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే ఉమ్మేసినట్టుంటుందని ఆపుకుంది. పొద్దుట్నుంచీ ఊరందరినీ తిట్టింది. కళ్లు లేని జనం, సిగ్గులేని నాయకుడు, చమత్కారాల సన్నాసులు. వాళ్లంతా చేసిన పాపం చోద్యం చూడటమే. పాపం చేసినవాడు తన పక్కనే అక్కా అక్కా అంటూ మాస్కు బిగించాడు.

“పొద్దున గుడ్డ దించేటప్పుడు ఎందుకు చెప్పలేదు?”

“ఆగుతాదనుకొన్నా. మా తాత ఈ తీగతో అల్లిన మంచం ఇప్పటికీ ఉండాది, ముగ్గురం పడుకొంటాము. తెగదనుకొన్నా.”

“అనుకోలేదు నువ్వు. భయపడినావు. నమ్మకముంటే ఆ రెండు పట్టీలు వద్దని ఎందుకు అరిచినావు?”

“అరిచినాను గదా!” అన్నాడు హేమంత్. “చెప్పకుండా ఉండింటే నాకేం? నేను దొరికే వాణ్ణే కాదు. చెప్తే నీకు తెలిసిపోతాదని తెలిసీ చెప్పినా. ఆయప్ప నాకు మామ. చిన్నప్పుడు భుజాల మీద తిప్పినాడు. అది లెక్కలోకి రాదా అక్కా?”

“వస్తాది. ఒకటి పోయినాక రెండు చెప్పినావు. మూడూ ముందే చెప్పింటే ఆయప్ప వీపు నేలకి కొట్టుకొనేదే కాదు.”

“పని పోతాదక్కా. గుడ్డ కుట్టినోళ్లే సరిగ్గా కుట్టలేదని చెప్పు. ఆ తీగలు నేనిప్పుడే పీకేస్తా. ఎవురూ అడగరు. ఆ సునీల్‌కుమారు మీద వేసినా నమ్ముతారు, ఊరంతా వాణ్ణి తిట్టుకొంటానే ఉండాది గదా.”

ఆ చివరి మాట దగ్గర నేత్రావతికి అతని మీద మిగిలిన కాస్త జాలి కూడా ఆరిపోయింది. ఎందుకంటే ఆ మాట ఆమె పొద్దుటే అనుకుంది. సునీల్‌కుమార్ దొంగైతే ఎంత బాగుండు అని. పనికిమాలినవాడు దొంగ కూడా అయితే లోకం ఎంత సుఖంగా ఉంటుంది!

తలచుకోగానే ఆ పనికిమాలినవాడు దిగాడు. బైకు మీద, వెనక శిష్యుడితో, ఫోను ముందుకి చాపి. చొక్కా మీద ఎక్కడినుంచో రెండు మట్టి మరకలు తెచ్చుకున్నాడు.

“మిత్రులారా, గోపాలప్పన్నను మన సంఘం క్షేమంగా ఆసుపత్రికి చేర్చింది! నా సొంత ఫ్లెక్సీని సైతం త్యాగం చేసినాను! కాని ఆ పట్టీ తెగిందానికి బాధ్యులెవరు? ఇదిగో, ఈ సిస్టరమ్మనే అడుగుదాం. చెప్పమ్మా! లైవులో ఉండావు. కేజీఎఫ్ ప్రజలు అడగతా ఉండారు!”

నేత్రావతి ఫోనుకేసి చూడను కూడా లేదు. “ప్రజలు అడిగితే చెప్తానన్నా. నువ్వు ప్రజలు కాదు.”

హేమంత్ ఊపిరి వదిలాడు. ఆమె చెప్పదని అతనికి ధైర్యం వచ్చింది. బక్కెట్టు తీసుకుని ఇటు తిరిగాడు, పని ఉన్నవాడిలా.

అప్పుడు వరండా మెట్లు దిగి మారమ్మ వచ్చింది. చీరంతా సబ్బునురుగు ఆరిపోయిన తెల్లటి చారలు. సునీల్‌కుమార్‌ను, అతని ఫోనును తోవలో పడ్డ దుంగను దాటినట్టు దాటింది. నేత్రావతి చేతులు రెండూ పట్టుకుంది.

“కండ్లు తెరిచినాడమ్మా. కాఫీ అడగతా ఉండాడు.” నవ్వబోయి ఏడ్చింది, కొంగుతో తుడుచుకుంది. ఆమె చూపు నేత్రావతి భుజం మీదున్న గుడ్డ మీద పడింది. అడుగుభాగం పైకే ఉంది. వేలు చాచి, తొడ దగ్గర పట్టీ కింది తీగను ముట్టుకుంది. ఆ ఊళ్లో పుట్టిన ఆడది. ఆ తీగతో ఎన్ని బుట్టలు అల్లి ఉంటుందో.

“ఇది మా ఊరి చెయ్యే.” ఆమె గొంతు మారిపోయింది. “పడినప్పుడు నా మొగుని ప్రాణం పోయిందనే అనుకొన్నా. మా ఊరోడే, మా మధ్యలో తిరిగేటోడే చేసినాడు ఇది. ఎవురమ్మా? నీకు తెలుసు, నీ మొహంలో కనబడతా ఉండాది. ఇంగో ఇంటికి ఈ గుడ్డ ఎత్తుకొని పోకముందే చెప్పు. ఎవురు?”

సునీల్‌కుమార్ ఫోను ముందుకి జరిపాడు. బక్కెట్టులో నీళ్లు కదలడం ఆగింది. హేమంత్ నేత్రావతి కళ్లలోకి చూసి, వద్దన్నట్టు తల చాలా కొద్దిగా ఊపాడు. అక్కా అన్నట్టు పెదవులు కదిలాయి.

నేత్రావతి అతని మీదినుంచి చూపు తిప్పుకోలేదు.

“నిన్ను అత్తా అని పిలిచేవాడేనమ్మా,” అంది, వరండా చివరి దాకా వినబడేలా. “మా డ్రైవరు హేమంత్.”